కొత్త సిస్టంలో పాత ఫ్యాక్టరీ మాటలు

నా కంప్యూటర్‌ను తెరిచినప్పుడల్లా తెర మధ్యల ఒక డబ్బా వచ్చేది. ఈ సిస్టంకు ఇక రక్షణ లేదు, కొత్తది వేసుకోండి అని. నెల దినాలు దాన్ని మూసుకుంటనే వచ్చిన. మంచిగ నడిచేదాన్ని ముసలిది అనడానికి వీళ్లెవరు?

నేను నాచారంల లేత్ మిషన్ మీద ముప్పై ఏండ్లు పనిచేసిన. నాలుగో తరగతి మీద బడికి పోలె. గోడల మీది రాతలు, పొట్లాల కాగితాలు, ఫ్యాక్టరీ నోటీసులు చదివి చదువు నేర్చుకున్న. రిటైరయినంక ఏఎస్ రావు నగర్‌ల ఒక డీటీపీ షాపుల కూర్చొని తెలుగు టైపింగ్ పట్టుకున్న. అప్పట్నుంచి చేసింది ఒకటే పని. మా ఫ్యాక్టరీ మూతపడ్డది, షెడ్డు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపిన్రు. అందుల పనిచేసిన ఇరవై ముగ్గురి ఇండ్లకు పోయి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చిన. వాళ్లల్ల పదకొండు మంది ఇయ్యాల లేరు. వాళ్ల మాటలు నా కంప్యూటర్‌ల తప్ప ఇంకెక్కడ లేవు.

మా కోడలు సాఫ్ట్‌వేర్‌ల పనిచేస్తది. "మామా, వైరస్ వస్తే ఒక్క పూటల అన్ని పోతయ్. నా మాట కాకున్నా, ఆ పోయినోళ్ల కోసమన్నా మార్పియ్" అన్నది. ఆ మాటకు లొంగిన.

ఉప్పల్‌ల షాపాయనకు ఇచ్చిన. "నా రాతలు ఒక్కటి పోవద్దు" అన్న. "ఒక్క ఫైలు తగ్గినా నన్నడుగు అంకుల్" అన్నడు. మాట నిలబెట్టుకున్నడు కూడా. మూడోనాడు తెచ్చుకొని లెక్కపెట్టిన, ఇరవై మూడు ఫైళ్లు ఉన్నయ్.

మిగతా తీరు మాత్రం నాకు నచ్చలె. ఎడమ దిక్కు మూలకుండే బటన్‌ను నడిమిట్ల పెట్టిన్రు. అడగకుండనే ఎండెంతుందో చెప్తది, సినిమావాళ్ల ముచ్చట్లు తెస్తది. నా ఇంట్ల కుర్చీ జరపాలన్నా మా కోడలు నన్నడుగుతది. వీళ్లకు ఆ మర్యాద లేదు.

ఒక ఫైలు తెరిచిన. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు, ఊడ్చి కుప్పవోసినట్టు ఉన్నయ్. ఇంకోటి తెరిచిన, అదీ అంతే. మూస్తుంటే ఏదో అడిగింది. వద్దంటే పోతాయేమోనని సేవ్ నొక్కిన. ఇరవై మూడింటికీ నొక్కిన.

షాపాయనకు ఫోన్ చేస్తే, "మీ తెలుగక్షరాలు చూపే పాత ఫాంట్ పోయిందంకుల్. మీరు ఫైల్స్ అన్నరు, ఫాంట్ అనలె" అన్నడు.

"బియ్యం తెమ్మంటే సంచి పట్టుకపొమ్మని గూడ చెప్పాల్నా?"

"కాపీ గూడ ఉంచుకోలె అంకుల్. పాతదంత తుడిసి వేసిన."

ఆ ఫాంట్ దొరుకుతదేమోనని ఏఎస్ రావు నగర్ పోయిన. డీటీపీ షాపున్న చోట టిఫిన్ సెంటర్ ఉన్నది. పాతాయన ఎటు పోయిండో ఎవరికీ తెల్వదు. కోడలు నెట్‌ల వెతికినా ఆ ఫాంట్ దొరకలె.

రెండు దినాలు అన్నం సయించలె. మూడోనాడు ఊరికే ఆ గీతల ముందు కూర్చొని కీబోర్డు మీద వేళ్లు పెట్టిన. తెర మీద ఏ ఇంగ్లీషు అక్షరముంటే ఆ కీ మీదికి వేలు పోయింది. ఆ కీకి ఏ తెలుగక్షరమో వేలుకు తెలుసు. నోటితోని మెల్లగ చదివిన. ఫౌండ్రీల పనిచేసినాయన మాట బయటికొచ్చింది: "ఆ వేడికి కన్నీళ్లు గూడ చెంప దాక రాకపోతుండె."

కోడల్ని పిలిచిన. నేను చదువుతుంటే తను కొత్త ఫాంట్‌ల కొట్టుడు మొదలువెట్టింది. ఆదివారాలు కూర్చున్నం.

అయితే కొన్ని అక్షరాలకు పాత ఫాంట్‌ల కీలు లేకుండె, ఆల్ట్ పట్టుకొని అంకెలు కొడితేనే వచ్చేవి. నేను సేవ్ నొక్కినప్పుడు అవన్ని ప్రశ్నార్థకాలైనయ్. చాలా వరకు పక్క అక్షరాలను బట్టి పట్టుకున్నం. ప్రెస్ మిషన్ల రెండు వేళ్లు పోగొట్టుకున్నాయన ఫైలు కాడ ఆగిపోయినం. "నెత్తురు కారుతుంటె అందరు దూరం జరిగిన్రు, తన అంగీ చింపి నా చెయ్యికి చుట్టింది మాత్రం" అని రాసుంది. తర్వాత నాలుగు ప్రశ్నార్థకాలు. పేరది.

చెప్పినాయన పోయి ఆరేండ్లు. ప్రెస్ మిషన్ల కాడ ఆయనతోని పనిచేసినోళ్లు ఇంకిద్దరున్నరు. చెంగిచెర్ల పోయి ఒకాయన్ను అడిగిన, ఒక పేరు చెప్పిండు. రెండో ఆయన ఇంకో పేరు చెప్పిండు. నాకేమో జ్ఞాపకం గట్టిదని పేరు. ఎంత తవ్వుకున్నా ఆ పేరు రాలె.

"ఇద్దర్ల ఎవలదో ఒకలది రాద్దాం మామా. చదివెటోళ్లకు ఏం తెలుస్తది?" అన్నది కోడలు.

"అంగీ చింపినాయనకు తెలుస్తది బిడ్డా."

"ఆయన ఉన్నడో లేడో."

"లేకున్నా సరే. ఖాళీ ఉంచు. నేను సేవ్ నొక్కుడు వల్ల పేరు పోయిందని కింద రాయ్."

కోడలు నా దిక్కు చూసింది. అట్లనే కొట్టింది.