బోస్నియా సిస్టరమ్మ సాక్ష్యం

తొంభైల చివరి మాట. గల్ఫ్‌లో, అల్ మన్సూరా అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో నేను ఆయాగా పనిచేసేదాన్ని. అక్కడ బోస్నియా నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. మనిషి పొడుగు, మాట పొదుపు. దుప్పటి సరిగ్గా పరచకపోతే కస్సుమనేది. కోపం చల్లారగానే చిక్కటి కాఫీ కాచి చేతికిచ్చేది. నాకు ఆవిడంటే ప్రాణం, దాచుకోవడం ఎందుకు?

యుద్ధంలో వాళ్ళ ఊరి మగవాళ్ళందరినీ ఒక్కచోట చేర్చి, లారీలెక్కించి తీసుకుపోయి చంపేశారు. ఆవిడ భర్తని లారీ ఎక్కించినవాడు పరాయివాడేం కాదు. పక్కవీధివాడు, వాళ్ళ పెళ్ళిలో కడుపునిండా భోంచేసినవాడు. వాడు ఇంకా ఆ ఊళ్ళోనే దర్జాగా తిరుగుతున్నాడట. వాణ్ణి పట్టుకుని బోనెక్కించాలి, తను ఎదురుగా నిలబడి చూసింది చూసినట్టు చెప్పాలి. ఆవిడ కోరికల్లా అదొక్కటే. అందుకే వార్తల వేళకి వెయిటింగ్ రూములో టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడేది.

క్లినిక్ బండి నడిపే కుర్రాణ్ణి తమ్ముడూ అనేదాన్ని. అతనిది కరీంనగర్ వైపు. నోరు ఊరుకోదు. పొద్దున్నే తాళాలు ఆడించుకుంటూ వచ్చి, "సిస్టరమ్మా, గా లంగగాడు దొరికిండా?" అనేవాడు.

"మాఫీ" అనేది ఆవిడ, అరబ్బీలో లేదని.

అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి మేం ముగ్గురం మాట్లాడుకునే భాషకి పేరు లేదు గానీ పని జరిగిపోయేది. నన్ను "చెల్లీ" అని పిలవడం ఆవిడకి నేర్పింది కూడా ఆ తమ్ముడే.

ఒకరోజు టీవీలో చెప్పారు, బోస్నియాలో ఒక నిందితుణ్ణి అరెస్టు చేశారని. సగం విని తమ్ముడు మలయాళీల కొట్టుకి పరిగెత్తాడు. కొబ్బరికాయ తెచ్చి, గ్లాసులు కడిగే సింకులో ఠపీమని కొట్టాడు. మొక్కుకున్నాడట.

"నా గొడవ మీ దేవుడికి ఎవరు చెప్పారు?" అందావిడ.

"నేనే చెప్పిన. మా ఎములాడ రాజన్నకు."

ఆవిడ నవ్వి, ముక్క నోట్లో వేసుకుంది. కూర్చున్న రోగులకి కూడా పంచేశాం. సాయంత్రం వార్తల్లో ఫోటో చూపించారు. వాడు కాదు. వేరే ఊరివాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందు వాడి మొహం చూసుకోవద్దూ?" అని తమ్ముణ్ణి దులిపేశాను. అతను కొబ్బరి చిప్ప పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడే దగ్గరికి వెళ్ళి, ఒక ముక్క విరిచి అతని చేతిలో పెట్టింది.

"తిను. ఇవాళ దొరికినవాడి కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు కూడా ఎక్కడో ఉంటారు. ఈ కొబ్బరి వాళ్ళ పేరున తిను."

కొన్ని నెలలకి ఆ పక్కవీధివాడే దొరికాడు. ఈసారి మాలో ఎవరూ కొబ్బరికాయ మాట ఎత్తలేదు. ఆ యుద్ధ నేరాలు విచారించే హాలెండ్‌లోని కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పాలని ఆవిడకి ఫోన్ వచ్చింది. ఆవిడ కాఫీ కాచుకుని, తాగకుండానే సింకులో పారబోసింది.

"వాణ్ణి చూడగానే నా గొంతు పడిపోతే? ఇన్నేళ్ళూ దీనికోసమే బతికాను చెల్లీ."

"ముందు ఇక్కడ చెప్పి చూడక్కా" అన్నాను.

మధ్యాహ్నం క్లినిక్ మూసే వేళ గది మధ్యలో కుర్చీ వేశాం. వాడి స్థానంలో కూర్చోమని తమ్ముణ్ణి పిలిచాం. ప్రతిదాన్నీ వేళాకోళం చేసే మనిషి, ఆ కుర్చీ చూసి వెనక్కి జరిగాడు.

"నేను గట్ల కూసోనక్కా. ఆటకు గూడ కూసోను."

అంతే, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అతని మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది నాకు.

నేనే కూర్చున్నాను. ఆవిడ తన భాషలో మొదలుపెట్టింది. మొదట గొంతు పీలగా వచ్చింది, తర్వాత నిలబడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మధ్యలో వచ్చిన భర్త పేరు తప్ప. ఆ పేరు రెండోసారి పలికినప్పుడు ఆ కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాను. ఆవిడ ఆగిపోయింది.

"తల ఎత్తు చెల్లీ" అంది. "వాడు దించడు."

ఎత్తాను. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.