రెండో భాగానికి గొంతు

అది గాల్లో తేలే బైకుల పందెం. ఎన్నో ఏళ్ల తర్వాతి కాలంలో, ఆకాశాన్నంటే భవనాల మధ్య చక్రాల్లేని బండ్లు దూసుకుపోతుంటాయి. ఆ వీడియో గేమ్ మొదటి భాగం తెలుగులో వచ్చినప్పుడు, బండ్లకంటే ఎక్కువగా జనం చెప్పుకున్నది ఆడేవాళ్ల హెల్మెట్‌లో వినిపించే ఒక ఆడమనిషి గొంతు గురించే. మలుపు దగ్గరపడితే "జర పైలం" అని ఆ గొంతు హెచ్చరించేది.

ఆ గొంతు మా అక్కది. సొంత అక్క కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను డబ్బింగ్ పనికి కొత్తగా వచ్చినప్పుడు, మైకుకు ఎంత దూరంలో నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పిన మనిషి. వాళ్లది నల్లగొండ వైపు పల్లె. చంపాపేటలో స్థిరపడ్డారు. మాది గుంటూరు వైపు. "నువ్వు మాట్లాడితే వార్తలు చదివినట్టుంటది" అని నన్ను ఆటపట్టించేది.

గేమ్ రెండో భాగం తయారయ్యేసరికి అక్కకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తోంది. పెదాలు కదులుతాయిగాని, మాట బయటికి రాదు.

స్టూడియో ఆయన ఒకరోజు నాకు ఫోన్ చేశారు.

"పాత రికార్డింగులతో ఆమె గొంతును మిషిన్ మీద తయారు చేద్దామని కంపెనీవాళ్లు అడిగారమ్మా. ఆమె ఒప్పుకోలేదు. నువ్వు అచ్చం ఆమెలాగే చెప్పగలవా?"

"అక్కనడిగి చెప్తానండీ" అన్నాను.

మర్నాడు చంపాపేట వెళ్లాను. బావగారు బాటసింగారం పండ్ల మార్కెట్లో పనిచేస్తారు. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. అక్క పెదాల కదలిక చూసి ఆమె మాటలు పైకి చెప్పేది ఆయనే. నేను వచ్చిన పని చెప్పగానే అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ నావైపు చూసి పెదాలు కదిపింది.

"మిషిన్‌కు ఎందుకొద్దన్ననో తెల్సా అంటున్నది" అన్నారు బావగారు. "నేను ఎన్నడు అనని మాటలు నా గొంతుల కెళ్లి ఎట్లొస్తయ్ అంటున్నది."

"నేను చెప్పినా అంతే కదక్కా. మీరు వద్దంటే చెయ్యను."

అక్క అడ్డంగా తల ఊపింది.

"నువ్వు చెయ్యి అంటున్నది. గానీ నా లెక్క చెయ్యకు, నీ లెక్క చెయ్యి. మాట మాత్రం మా నల్లగొండదే ఉండాలె అంటున్నది."

ఆ రోజు నుంచే పాఠం మొదలైంది. బండి గోడకు గుద్దుకుని పడిపోయినప్పుడు చెప్పే మాట దగ్గర నేను ఆగిపోయాను. "లే బిడ్డా, ఏం కాలేదు" అన్నాను. అక్క చెయ్యెత్తి ఆపింది. "ఏం గాలే" అన్నాను. మళ్లీ ఆపింది. నేను పలికేది ఆ యాసే అయినా, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టే ఉంది. అక్క దగ్గరికి జరిగి నా గొంతు మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి చల్లగా ఉంది. అదురు ఎక్కడ పుడుతోందో వెతుకుతున్నట్టు వేళ్లు కదిపింది. నాకు ఏడుపు వచ్చింది. దాన్ని మింగుకుంటూనే, "లే బిడ్డా, ఏం గాలే. మల్ల ఎక్కు" అన్నాను.

అక్క చెయ్యి తీసి, సరే అన్నట్టు కళ్లు మూసి తెరిచింది. బావగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపటిదాకా ఆయన బయటికి రాలేదు.

రికార్డింగ్‌కు కూడా అక్క వచ్చింది. స్టూడియోలో అద్దానికి అవతల కూర్చుని, బాగా లేనప్పుడల్లా చెయ్యెత్తేది. స్టూడియో ఆయన విసుగు చూపకుండా ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టేవారు. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయింది. అక్క సంచిలోంచి ఫ్లాస్కు తీసి వేడినీళ్లు పోసిచ్చింది.

గేమ్ విడుదలయ్యాక, దాని వీడియోల కింద జనం కామెంట్లు రాశారు. "పాత అక్క ఏది?" అని ఒకరు. "గీ గొంతుల ఆ ప్రేమ లేదు" అని ఇంకొకరు. బాగుందన్నవాళ్లూ ఉన్నారు, కాని నాకు మొదటివే గుర్తుండిపోయాయి. ఆదివారం చంపాపేట వెళ్లేసరికి అక్క అప్పటికే అన్నీ చదివేసింది.

"డబ్బింగ్‌కు కొత్తగ వచ్చినప్పుడు నాకు సుత గిట్లనే అన్నరు, పరేషాన్ గాకు అంటున్నది" అన్నారు బావగారు.

"మీకెలా అనిపించింది బావగారూ?" అని అడిగాను.

ఆయన చాయ్ కప్పు నా ముందుకు జరిపారు. "మంచిగనే చెప్పినవమ్మా" అన్నారు. "గానీ నా ఫోన్ల పాతదే ఉంచుకున్న. ఏమనుకోకు."

అక్క ఆయన వైపు చూసింది. ఆయన ఫోన్‌లో అక్క గొంతున్న మొదటి భాగం ఉన్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదని ఆ చూపుతో నాకు అర్థమైంది. ఆమె పెదాలు కదిలాయి. ఈసారి ఆయన ఆ మాట పైకి చెప్పలేదు. నేనూ అడగలేదు.

చాయ్ చల్లారిపోతోంది. అక్కకు మింగడం ఇంకా కష్టంగానే ఉంది, గుక్క గుక్కకూ ఆగుతోంది. ఆమె కప్పు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేచాను.