పోలయ్య బండిలో పసుపు లైట్లు

చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళ వాసన ఇవాళ పొద్దున పోలయ్య కంటే ముందే షెడ్డులోకి వచ్చింది. తరవాత అతని పికప్పు వచ్చింది. డాష్‌బోర్డు మీద రెండు పసుపు లైట్లు వెలుగుతున్నాయి. ఒకటి, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ది. రెండోది, చక్రం పట్టు తప్పి ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోలుది. పోలయ్య దిగి నిలబడ్డాడు. అతని కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి ఉంటుంది. బాపట్లలో ఈ మెకానిక్ షెడ్డు పెట్టి ఇన్నేళ్ళయినా ఆ భుజం వంక చూడకుండా అతనితో మాట్లాడటం నాకు చేతకాలేదు. ఆ లైట్లూ ఆ భుజమూ ఒక్కసారే కనబడ్డ రోజున నాకు మేస్త్రి గారు గుర్తుకొస్తారు.

ఆయన పేరు కోటేశ్వరరావు. తెనాలిలో ఆయన వర్క్‌షాపుకి వచ్చేవాళ్ళంతా మేస్త్రి గారనే పిలిచేవారు. నేను పనికి చేరేనాటికి నా చేతిలో డిప్లొమా, బండి కంప్యూటరును చదివే స్కానరు, నెత్తిన రెండు కొమ్ములూ ఉన్నాయి. ఆయన పద్ధతి నాకు మహా చిరాకుగా ఉండేది. బండి రాగానే బానెట్ ఎత్తరు. డ్రైవర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, నిన్న ఎక్కడికెళ్ళావు, ఏం ఎత్తావు, బండి ఎక్కడ కడిగావు అని సంబంధం మాట్లాడటానికి వచ్చినవాడిలా తీరిగ్గా అడిగేవారు. స్కానరు పెడితే రెండు నిమిషాల్లో తేలిపోయేదానికి ఇంత పురాణం ఎందుకండీ అని ఒకసారి అడిగేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"మిషను ఏ చక్రమో చెబుతుందయ్యా. ఎందుకో చెప్పదు. అది బండి తోలినోణ్ణి అడగాల్సిందే" అన్నారు.

పోలయ్యది సూర్యలంక. అక్కడ పడవల దగ్గర చేపలు ఎత్తుకుని తెనాలికీ రేపల్లెకీ వేసేవాడు. అతను మొదటిసారి ఈ రెండు లైట్లతో వచ్చినప్పుడు మేస్త్రి గారు టీ ఇంకా చెప్పకముందే నేను స్కానరు తగిలించేశాను. వెనక ఎడమ చక్రం వేగం కొలిచే సెన్సరు అని చూపించింది. కొత్తది వేశాను, లైట్లు రెండూ ఆరిపోయాయి. ఒక్క సెన్సరుకి రెండు లైట్లేంటండి అని పోలయ్య అడిగితే, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలియకపోతే ఆ రెండూ పనిచెయ్యవని మేస్త్రి గారే వివరంగా చెప్పారు. మరి పాతది ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. ఆయన నా వంక ఒకసారి చూసి, ఇంకో బండి దగ్గరికి వెళ్ళిపోయారు.

పది రోజులకు అవే లైట్లతో మళ్ళీ వచ్చాడు. ఆ రోజు మేస్త్రి గారు పెళ్ళికని గుంటూరు వెళ్ళారు. పోలయ్యకు తొందర, వెనక పెట్టెల్లో ఐసు కరిగిపోతోంది. "ఏదో ఒకటి చెయ్యండి ఇంజినీరు గారూ, సరుకు పాడైపోద్ది" అన్నాడు. కింద దూరి చూడాలంటే చక్రం విప్పాలి. నేను విప్పలేదు. స్కానరులో ఒక మీట నొక్కి, కంప్యూటరులో నమోదైన తప్పును మాత్రం చెరిపేశాను. లైట్లు ఆరాయి. వెళ్ళిరండి, ఏం ఫర్వాలేదన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడో రోజు వానలో రేపల్లె ఇంకా రాకముందే గేదె అడ్డం వచ్చింది. పోలయ్య బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకుని బండి జారి పంటకాలువ గట్టు కిందికి దిగిపోయింది. పోలయ్యను రేపల్లె ఆస్పత్రిలో చేర్చి, బండిని తాడు కట్టి తెనాలి తెచ్చారు. మేస్త్రి గారు కింద పడుకుని సెన్సరు వైరు కలిసేచోట వేలితో రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నారు.

"ఉప్పు" అన్నారు.

బండి తొట్టికి నీళ్ళు పోవడానికి పోలయ్యే పొడిచిన బెజ్జం సరిగ్గా దాని పైనే ఉంది. చేపల నీళ్ళు రోజూ చుక్కచుక్కగా దాని మీద పడి లోపల తినేశాయి. టీ తాగుతూ ఒక్క ప్రశ్న అడిగితే తెలిసిపోయే సంగతి. "మొన్న దీన్ని చూసిందెవరు?" అని ఆయన ఊరికే అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొత్త సెన్సర్లు ఈమధ్య నాసిరకంగా వస్తున్నాయండి అన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నారు.

"రేపు రేపల్లె ఆస్పత్రికి పోదాం. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మర్నాడు రేపల్లె బస్సెక్కాం. దారంతా సెన్సరు మీద చెప్పడానికి మంచి మంచి అబద్ధాలు తయారుచేసుకున్నాను. మేస్త్రి గారు చెప్పినా, పోలయ్య ముందు నేను తలదించుకుని నిలబడక తప్పదు కదా అనుకున్నాను. భుజం ఎముక విరిగి కట్టుతో పడుకున్న మనిషిని చూశాక ఆ అబద్ధాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. బాగుచెయ్యలేదు, లైటు మాత్రం ఆర్పానని చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"లైటు వెలుగుతున్నన్నాళ్ళూ భయపడి మెల్లగా తోలానండి" అన్నాడు. "మీరు ఆర్పారని ధైర్యం వచ్చింది."

మేస్త్రి గారు ఆ సాయంత్రం ఆ బెజ్జం మూసి, నీళ్ళు చక్రానికి దూరంగా పోయేలా గొట్టం పెట్టారు. నన్ను సాయం రమ్మనలేదు. ఆ విషయం ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నాలుగేళ్ళ కిందట పోయేదాకా. నాకు మాత్రం ఆయనంటే చిరాకు పోయి ప్రేమ పుట్టింది ఆ రోజే.

ఇవాళ పోలయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. నిన్న ఎక్కడికెళ్ళావని అడిగాను. రెండు గంటలు పట్టింది, చక్రం విప్పి చూస్తే లోపలికి ఇసుక దూరి సెన్సరు పక్కన గట్టిపడి ఉంది. అంతా శుభ్రం చేశాక తాళం చేతికివ్వబోయాను. లైట్లు ఆరాయా అని పోలయ్య అడగడు, ఆ ఆస్పత్రి రోజు నుంచీ ఎప్పుడూ అడగలేదు. తాళం తీసుకోకుండా చెయ్యి కిందికే ఉంచి, "ఎందుకు వెలిగిందంటారండి?" అన్నాడు.

చెప్పాను. అప్పుడు తీసుకున్నాడు.