‘అడగదు’ అని రాసిన కాగితం

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి అయిపోయిన ఎండాకాలంలో, చేనికి పెంట తోలే బండి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. మాది దేవరకొండ అవతల చిన్న పల్లె. బాపు నా కాలికి వెదురు బద్దలు కట్టించి, మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ కాలికి తాడు కట్టి, తాడు చివర ఇసుక సంచి వేలాడదీశారు. ఆరు వారాలు కదలకుండా పడుకోవాలన్నారు. అమ్మ అప్పుడు పచ్చి బాలింత. తొలకరి పడితే బాపు ఆముదాలు విత్తాలి. నాలుగో రోజు పొద్దున ఆయన నా తల నిమిరి, "ఏం కావాల్నన్నా సిస్టరమ్మను అడుగు బిడ్డా. ఆదివారం నాడు మల్ల వస్త," అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే అడిగాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఒక చిన్న సిస్టరమ్మ అటుగా పోతుంటే, "సిస్టరమ్మా, దూపయితాంది," అన్నాను. మా వైపు దూప అంటే దాహం. పాపం, ఆమెకు తెలియదు.

"ధూపమా? ఇప్పుడెందుకమ్మా, దోమలు కుడుతున్నాయా?"

పక్క మంచం మీది అవ్వ పకపకా నవ్వింది. "ఓ సిస్టరమ్మా, పిల్ల నీళ్లు అడుగుతాంది! ఊదు పొగ ఏస్తవా ఏంది?"

వార్డంతా నవ్వింది. చిన్న సిస్టరమ్మ కూడా నవ్వుతూనే నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నవ్వులో చెడు ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అందరూ నన్ను చూసే నవ్వారనుకున్నాను. ఇక ఎవరినీ ఏమీ అడగకూడదనుకున్నాను. పైగా నీళ్లు తాగితే బెడ్‌పాన్ అడగాలి. తాగకపోతే ఆ సిగ్గూ ఉండదు. ఎవరైనా "నీళ్లు తాగినవా?" అంటే "తాగిన," అనేదాన్ని. సాయంత్రం అందరి మనుషులూ సద్దిగిన్నెలతో వచ్చేవారు. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని.

మూడు రోజులకు జ్వరం వచ్చింది. ఒంటికి పోతే మంట. రెండు రోజుల్లో తగ్గకపోతే హైదరాబాదు పంపుదామని డాక్టరు అన్నాడు. నాకు జ్వరం కంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది. ఆదివారం బాపు వచ్చేసరికి ఈ మంచం ఖాళీగా ఉంటే, ఆయన నన్ను ఎక్కడని వెతుకుతాడు?

సెలవు నుంచి పెద్ద సిస్టరమ్మ ఆ పూటే వచ్చింది. ఆమె పాలమూరు మనిషే. నా చేతి మీది తోలు చిటికెతో పట్టి వదిలి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసింది. నాలుక చూసింది. వార్డులో పనిచేసే ఆయమ్మ వైపు తిరిగి, "పొద్దటి నుంచి బెడ్‌పాన్ ఎన్నిసార్లు పెట్టినవ్?" అంది.

"పిల్ల అడగనే లేదమ్మా."

"నేను అడిగింది గది కాదు. ఎన్నిసార్లు పెట్టినవ్?"

సిస్టరమ్మ నా మీదికి వంగి, "దూపయితలేదా బిడ్డా?" అంది. ఆ తెల్లబట్టల మనిషి నోట మా ఇంటి మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె ఒక కాగితం తీసి, స్కేలుతో గీతలు గీసి నాలుగు గడులు చేసింది. మొదటి గడి నా కష్టమేంటో రాయడానికి; అందులో ‘అడగదు’ అని రాసింది.

"కష్టం జ్వరం కదండీ?" అంది చిన్న సిస్టరమ్మ.

"జ్వరం డాక్టరు రాసిండు. అది ఎందుకొచ్చిందో మనం రాయాలె."

రెండో గడిలో గంటకొక గ్లాసు నీళ్లు, మూడు గంటలకోసారి తెర వేసి బెడ్‌పాన్. మూడో గడిలో ఇచ్చినవారి సంతకం, వేళ. నాలుగోది సాయంత్రం రాయడానికి: ‘ఎట్లుంది?’ "తాగినవా అని అడగొద్దు. అడిగితే తాగిన అంటది. చేతికిచ్చి, తాగేదాక నిలబడాలె," అని ఇద్దరికీ చెప్పింది.

ఆ సాయంత్రం నాలుగో గడిలో ‘మంట తగ్గలేదు’ అని రాసి, గంటను అరగంటగా మార్చింది. డ్యూటీ మారేటప్పుడు ఆ కాగితం నా మంచం దగ్గరే చదివేవారు. రెండో రోజుకు జ్వరం దిగింది. ఆదివారం బాపు వచ్చినప్పుడు నేను నా మంచం మీదే ఉన్నాను.

ఆ కాగితం ఎప్పుడు తీస్తారని ఒకరోజు అడిగాను. "నువ్వే నీళ్లు అడిగిన నాడు," అంది పెద్ద సిస్టరమ్మ. వారం తరువాత ధైర్యం చేసి, "దూపయితాంది!" అని కేకేశాను. "దూపా? వస్తన్నా, వస్తన్నా!" అంటూ చిన్న సిస్టరమ్మ మా యాసలోనే పరుగెత్తుకొచ్చింది. కాగితం తీసేశారు. ఆ మధ్యాహ్నం గడియారం గంట కొట్టింది. ఎవరూ రాలేదు. నాకు బాగయిందని దాని అర్థం. ఆరు వారాల్లో అంత ఒంటరిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

తరువాత చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. హాజరుపట్టీలో కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేదాన్ని. వాళ్లు అడగని పిల్లలు. నేనే వాళ్ల దగ్గరికి పోవాలి. ఇప్పుడు రిటైరయ్యాను; పట్టీ లేదు, డైరీ ఉంది. ప్రతి సాయంత్రం ఆ రోజు వివరాల కింద, నాకు తెలిసినవారిలో నోరు తెరిచి అడగని మనిషి పేరు ఒకటి రాస్తాను, మర్నాడు నేనే పలకరిస్తాను. కొన్ని రోజులు ఎంత ఆలోచించినా నా పేరే వస్తుంది. అదీ రాస్తాను. ఆ మర్నాడు పొద్దున, నాకేం కావాలో అడగడానికి, ఎవరికో ఒకరికి నేనే ఫోన్ చేస్తాను.