పప్పు ఉడకదన్న ఫిర్యాదు

పొద్దున్నే అరుగు మీద మా మనవడు ఇంగ్లీషు పాఠం వల్లె వేస్తున్నాడు. "గ్రంబుల్, గ్రంబుల్" అని వాడు గొంతు చించుకుంటుంటే చూరు కింద పడుకున్న పిల్లి కూడా లేచి వెళ్లిపోయింది. అర్థమేమిట్రా అంటే "సణుగుడు తాతయ్యా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ మాట నాకు నేర్పినవారు పేరయ్య పంతులుగారు. గోదావరి నీళ్ల కోసం కోనసీమ అంతటా కాలవలు తవ్వుతున్న రోజుల్లో ఆయన అమలాపురంలో దుబాసీ. దొరల మాట మనవాళ్లకు, మనవాళ్ల మాట దొరలకు చెప్పడం ఆయన పని. నేను ఆయన చేతికింద ఉండేవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి నాకు భూమ్మీద కాలు నిలిచేది కాదు.

కాలవ దారిలో పొలమున్న ప్రతివాడూ ఏదో ఒక అభ్యంతరం పట్టుకుని వచ్చేవాడు. అలాంటి వాటికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ పంతులుగారి నాలుక మీదే ఉండేవి. ఊరికే గొణిగితే గ్రంబుల్. ప్రతిదానికీ వంకలెన్నితే కార్ప్. కోడిగుడ్డుకు ఈకలు పీకితే కావిల్. అసలు సంగతి వదిలేసి ఏదో ఒక ముక్క పట్టుకుని వేలాడితే క్విబుల్. "చూసేవటయ్యా, సముద్రాలు దాటొచ్చినవాళ్లు కూడా మనలాగే సణుక్కుంటారన్నమాట! లేకపోతే ఇన్ని మాటలెందుకు వాళ్లకి?" అని పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఒకనాడు ఒక రైతు వచ్చి, గట్టు మీద నడిచే కూలీలు తన గేదెను బెదరగొడుతున్నారని మొరపెట్టుకున్నాడు. "ఇది ఉత్త క్విబులండి, పంపించేయమంటారా?" అన్నాను నేను. పంతులుగారు నావైపు చూడనైనా లేదు. రైతుతో "ఆయ్, తరవాత?" అన్నారు. బెదిరిన గేదె పాలివ్వడం లేదట. "తరవాత?" ఇంట్లో తల్లిలేని చంటిపిల్ల, దానికి ఆ పాలే దిక్కట. కూలీలను అవతలి గట్టున నడవమని ఆ పూటే చెప్పించారు. రైతు వెళ్లాక నాతో, "పేరు పెట్టడం ఎంతసేపయ్యా? ముందు అవతలివాణ్ణి చెప్పనియ్యి. ఆ చెప్పేది అయ్యేక నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో" అన్నారు. అప్పట్లో నాకదంతా ముసలి చాదస్తంలా తోచింది.

ఆ చాదస్తమే మా అత్తవారి ఊరిని నిలబెట్టింది. రాజోలుకు దిగువన సముద్రం చేరువలో ఉంది ఆ ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఇసుక దిబ్బను ఆనుకుని ఉన్న ఒక్క నూతిలోనే తియ్యటి నీళ్లు. చేలల్లో మురుగు సముద్రంలోకి పోవడానికి కాలవ తవ్వాలని ఇంజనీరు దొర ఆ దిబ్బకు అడ్డంగా గుర్తు గుంజలు పాతించాడు. దిబ్బ తెగితే నుయ్యి పోతుంది, నుయ్యి పోతే ఊరు పోతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. దొరకు చెప్పడమే ఎవరికీ చేతకాలేదు. మా ఆవిడ తొలి కాన్పుకు అక్కడే ఉంది. గుంజలు దిగినప్పటినుంచి ఆడవాళ్లు మాటా పలుకూ లేకుండా నీళ్లు తోడుకుపోతున్నారని కబురు పెట్టింది. నాకు ముద్ద దిగలేదు.

దొర పంతులుగారినీ నన్నూ వెంటబెట్టుకుని ఊళ్లోకి వచ్చిన రోజున పెద్దలు కంగారులో తలో మాటా అన్నారు. ఒకాయన అమ్మవారి ఊరేగింపు దారి తెగిపోతుందన్నాడు. ఒకాయన తన మొగలి డొంక గురించి ఎత్తుకున్నాడు. ఇంకొకాయన, గుంజలు పాతిన రోజు మంచిది కాదన్నాడు. దొర ముఖం కందగడ్డయింది. "క్విబుల్స్!" అని టోపీ అందుకుని లేచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు మా ఆవిడ అమ్మమ్మ, సూరమ్మగారు, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"దొరా, నువ్వా కాలవ తవ్వేవంటే మా ఇళ్లలో పప్పుడకదు" అంది.

జనం ఘొల్లుమని నవ్వారు. ఇంత ఆపద నెత్తిన పెట్టుకుని పప్పు గోలేమిటి ఈవిడకని నేను తల దించుకున్నాను. పంతులుగారు మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టు దొరకు చెప్పి, ఆవిడవైపు తిరిగి, "ఆయ్, తరవాతండీ?" అన్నారు.

"తరవాతేముంది బాబూ, ఉప్పునీళ్లలో పప్పెక్కడన్నా ఉడుకుద్దా?"

"మీ నూతి నీళ్లు తియ్యనివే కదండీ?"

"దిబ్బుంది కాబట్టి తియ్యగున్నాయి. వాన నీళ్లన్నీ ఆ ఇసకే కదా దాచిపెట్టేది! దాన్ని చీల్చేరంటే పోటుకి సముద్రం లోపలికొచ్చేస్తది."

"తరవాతండీ?"

"తరవాత మేముండం బాబూ. నీళ్లు లేనిచోట ఎవరుంటారు? నా మనవరాలు పురుటికొచ్చింది. ఏం తాగుద్ది అది?"

పంతులుగారు ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా అంతా ఇంగ్లీషులో అప్పజెప్పారు. దొర టోపీ మళ్లీ బల్ల మీద పెట్టాడు. నూతి నీళ్లు దోసిలితో తాగాడు. దిబ్బకు అవతల, సముద్రం వైపు, గొయ్యి తీయించి ఆ నీళ్లు నోట పోసుకుని థూ అని ఉమ్మేశాడు. తనలో తనే నవ్వుకున్నాడు కూడా. పొద్దు వాలకముందే గుంజలన్నీ పీకించి, కాలవ దిబ్బ జోలికి పోకుండా దూరంగా ఉన్న గోదావరి పాయలో కలిసేలా కొత్తగా పాతించాడు. అమ్మయ్య! గుండెల మీంచి రోలు దించినట్టయింది నాకు. అంత హాయి మళ్లీ ఎరగను.

మేం బయల్దేరే వేళకు నూతి దగ్గర ఒకటే రభస. చేద నాదంటే నాదని, వంతు నాదంటే నాదని ఆడవాళ్లు జుట్లు పట్టుకునేలా ఉన్నారు. అందరికంటే పైన సూరమ్మగారి గొంతు. దొర చెవిన పడితే మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని నేను వాళ్లను కసరబోయాను. పంతులుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. దొర దూరంగా వెళ్లాడో లేదోనని మెడ చాచి చూసుకున్నారు. ఆయనా అంతసేపూ భయపడుతూనే ఉన్నారని నాకప్పుడు తెలిసింది.

"ఉండనీవయ్యా" అన్నారు. "పొద్దుటిదాకా నోరు పెగల్లేదు పాపం వాళ్లకి. రేపూ నీళ్లుంటాయని తెలిసేకే కదా, ఇవాళ వంతు కోసం కొట్టుకుంటున్నారు!"

పంతులుగారు పోయి ఏళ్లు గడిచిపోయాయి. ఆ కాన్పులో పుట్టిన నా కూతురు ఇప్పుడు నలుగురు పిల్లల తల్లి, సణగడంలో ముత్తమ్మమ్మ సూరమ్మగారిని మించింది. అది వంటింట్లోంచి నా మీద మొదలుపెట్టగానే ఇప్పటికీ నాకు ముందు మనసు నిమ్మళిస్తుంది. కోపం ఆ తరవాతే వస్తుంది.