ఒక్కరోజు పాత కారు

ఆదివారం పులిహోరకని నిమ్మకాయలు పిండుతుంటే వేళ్ళకంటుకునే వాసన ఉందే, అది నన్ను వంటింట్లో నిలబడనివ్వదు. తిన్నగా చెక్ దేశంలోని ఓ కార్ల యార్డుకి లాక్కుపోతుంది, వెంటనే విజయక్క గుర్తొస్తుంది. మీరామెను చూడలేదు కాబట్టి చెప్తాను. కరీంనగర్ నుంచి భర్త వెంట జర్మనీలోని ఎర్లాంగెన్ వచ్చి, పిల్లలు కీటాకి, అంటే ఇక్కడి బాలవాడికి, వెళ్ళే వేళల్లో జర్మన్ నేర్చుకుని, చిన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీలో ఉద్యోగం సంపాదించింది. మా ఊళ్ళో తెలుగువాళ్ళ కార్ల కాగితాలన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్ళేవి. చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. నాలాంటి తొందరగాడికి ఆమె దగ్గర చీవాట్లు మామూలే.

మా పాత కారు వానలో జారి రెయిలింగ్‌ను గుద్దుకున్నప్పుడు నా భార్య స్వప్నకి భుజం విరిగింది. ఎముక మూడు నెలల్లో అతుక్కుంది గానీ, ఏడాది గడిచినా ఆమె ఏ కారూ ఎక్కలేదు. మంచులోనూ సైకిలే. బతిమాలగా బతిమాలగా చివరికి, కొత్త కారు మంచి ముహూర్తానికి తీసుకుంటే కూర్చుంటానంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను పరుగు మొదలుపెట్టాను. గుంటూరు నుంచి మా అత్తగారు శుక్రవారం పదకొండింటికి ముహూర్తం పెట్టించారు. మేం కోరుకున్న కారు చెక్ డీలర్ దగ్గర సిద్ధంగా ఉంది. అతను కాగితాలు ముందే పంపితే ఇక్కడే రిజిస్టర్ చేయించి, నంబర్ ప్లేట్లు పట్టుకెళ్ళి బిగించుకుని నడుపుకుంటూ వచ్చేయొచ్చు. గురువారానికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా దొరికింది. ఇక కావలసింది ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే నిర్ధారణ నంబరు ఒక్కటే.

బుధవారం సాయంత్రం ఫారం నింపి అక్క ముందు పెట్టాను. కారు ఇంతకుముందు ఇంకెవరి పేరునైనా రిజిస్టర్ అయిందా అన్న ప్రశ్నకి ‘లేదు’ అని టిక్కు పెట్టాను. మా వాట్సాప్ గ్రూపులో అందరూ అలాగే పెట్టమన్నారు మరి. అక్క చెక్ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి ఒకచోట వేలు ఆపింది. డీలరు ఆ కారుని తన పేరున ఒక్కరోజు రిజిస్టర్ చేసి, మర్నాడు తీసేశాడట. దిగుమతి కార్లకి అది మామూలేనట. కానీ ‘అవును’ అని రాస్తే కంపెనీలో ఎవరో కాగితాలు చూసి సోమవారం జవాబిస్తారు. ‘లేదు’ అంటే నంబరు అప్పటికప్పుడే వస్తుంది. ఒక్కరోజే కదా అక్కా, కారు యార్డు గేటు కూడా దాటలేదు అని బతిమాలాను. ఆమె కదలకపోయేసరికి, మీరు జర్మన్లకంటే ఎక్కువ జర్మన్ అయిపోయారని నోరు జారాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అక్క ఫైలు మూసి, తన ఫ్లాస్కులోని టీ నాకు సగం పోసింది.

“తప్పు రాస్తే ఆపదనాడు నువ్వొక్కడివే నిలబడతవ్ తమ్మీ,” అంది నెమ్మదిగా. “అసలు ఎందుకింత తొందర? అది చెప్పు ముందు.”

అప్పటిదాకా నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. స్వప్న భయం గురించి చెప్పడం మొదలుపెట్టి, ఆగలేక మిగతాదీ కక్కేశాను. ఆ రోజు తప్పు వానది కాదు. స్వప్న మెల్లగా వెళ్ళమని రెండుసార్లు చెప్పినా వినకుండా స్పీడుగా నడిపింది నేనే. ఊళ్ళో అందరికీ మాత్రం వాన కథే చెప్పుకుంటూ వచ్చాను.

“ఈ మాట స్వప్నతోని చెప్పినవా?”

లేదన్నాను. అక్క రెట్టించలేదు. ఫారంలో నా టిక్కు కొట్టేసి ‘అవును’ దగ్గర పెట్టించి, పక్కన సంతకం చేయించింది. తర్వాత డీలరుకి ఫోన్ చేసి చాలాసేపు జర్మన్‌లో మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, ముహూర్తానికి చక్రం కదలాలె గానీ ఇల్లు చేరాలని ఎక్కడ రాసుంది అని నన్నే అడిగింది. యార్డు డీలరు సొంత జాగా, అక్కడున్నంతవరకూ కారు అతని ఇన్సూరెన్స్ కిందే ఉంటుందట. అక్కడ పూజ చేసి రెండడుగులు కదుపుకోండి, కారు అక్కడే వదిలేసి రైల్లో వచ్చేయండి, సోమవారం జవాబొచ్చాక తెచ్చుకుందురు అంది.

శుక్రవారం సెలవు పెట్టి తనూ మాతో రైలెక్కింది. యార్డులో డీలరు నోరు తెరుచుకుని చూస్తుండగా అక్క బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వెయ్యబోయి, ఈ దేశాల్లో అదెలా కనబడుతుందో గుర్తొచ్చి, ఓంకారం రాసింది. నేను కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. స్వప్న ముందు సీట్లో కూర్చుని బెల్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అక్క వెనక సీట్లోంచి ఆమె బాగైన భుజం మీద చెయ్యి వేసింది. నిమ్మకాయల్ని చిదుముతూ కారు రెండడుగులు కదిలింది. స్వప్న కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇంకో రెండడుగులు పోనివ్వమంది. ఆపై వారం కారు తేవడానికి ప్లేట్లతో నేను బయల్దేరుతుంటే, పిలవకుండానే స్వప్న బ్యాగు తగిలించుకుని వచ్చింది.

అక్క దగ్గర నేను నేర్చుకున్నది ఇన్సూరెన్స్ కాదు. ఇప్పుడు నా టీములో ఎవరైనా అడ్డదారి తొక్కబోతే, కసురుకునే ముందు ఎందుకని అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా ఆగుతాను. అలా నన్ను అడిగిన మనిషి పోయిన చలికాలం జబ్బుచేసి వెళ్ళిపోయింది. అంత్యక్రియలనాడు కళ్ళ నీళ్ళతో నాకు దారి కనబడకపోతే, ఈమధ్యే లైసెన్సు తెచ్చుకున్న స్వప్న నా దగ్గర తాళాలు తీసుకుంది. పక్క సీట్లో కూర్చుని ఏడుస్తూనే, ఇన్నేళ్ళూ దాచిన మాట చెప్పేశాను. ఆ రోజు తప్పు వానది కాదు, నాదేనన్నాను.

స్వప్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“నేను పక్కనే కూర్చున్నాగా, నాకు తెలీదా?” అంది. “నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా.”