వివేక్ తీసేసిన ఆఖరి సీను

వనిత అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెబుతుంది. ఆమె తల్లి చిలకమ్మ పంజాగుట్టలో తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేది. ఒక పొద్దున మున్సిపాలిటీ లారీ వచ్చి ఆ బండిని ఎత్తుకుపోయింది. తల్లి చనిపోయాక వనిత ఆ కథనే సినిమాగా తీసింది. ఇన్‌స్టిట్యూట్ కింద ఇడ్లీలమ్మే లచ్చమ్మ చేత తల్లి వేషం వేయించింది. పెళ్లిళ్లకు వీడియోలు తీసే భర్త వివేక్ కెమెరా పట్టాడు, ఎడిటింగూ చేశాడు. సినిమా పూర్తయ్యేలోపే వాళ్ల కాపురం చెడింది.

ఫిల్మ్ ఫెస్టివల్ అన్న పేరు ఎక్కడ కనబడ్డా వనిత సినిమా పంపింది. అన్నిచోట్లా కాదన్నారు. చివరికి ఒక ఫెస్టివల్ నుంచి సీతామహాలక్ష్మి అనే ఆవిడ ఫోన్ చేసింది. "మీ సినిమా కాపీలు రెండొచ్చాయండీ. వివేక్ గారు పంపినదాంట్లో ఆఖరి సీను లేదు. ఆయనా మీరూ ఒకచోట కూర్చుంటే వీడియోకాల్‌లో మాట్లాడదాం."

వివేక్ ఖాళీ క్లాస్‌రూమ్‌కు వచ్చీ రాగానే వనిత విరుచుకుపడింది.

"నాకు తెల్వకుంట నా సినిమా పంపుతవా? సిగ్గు లేదా నీకు?"

"దర్శకురాలిగా నీ పేరే ఉంచాను. ఆ ఏడుపు సీను తీసేశానంతే."

"గది మా అమ్మ ఏడుపు!"

"మీ అమ్మ ఎప్పుడేడ్చింది వనితా? బండి పోయిన రోజు కూడా నాకు అన్నం వడ్డించింది. ఏడవాలనిపించింది నీకు. లచ్చమ్మ చేత ఏడిపించావు."

"మా అమ్మ ముచ్చట నీ నోట రానియ్యకు!"

అప్పుడే లాప్‌టాప్‌లో సీతామహాలక్ష్మి కనిపించింది. ఆవిడ మాట నాన్చలేదు. "వనిత గారూ, సినిమా మీదే. కానీ ఆ సీను లేని కాపీ అయితేనే మేం తీసుకుంటాం. నిర్ణయం మీది."

వివేక్ మొహంలో గెలిచిన నవ్వు కనబడితే వెంటనే కాదనేయాలని వనిత అతని వైపు చూసింది. అతను తల వంచుకుని ఉన్నాడు. అది ఇంకా మండించింది.

"గదే వేయండి మేడం," అంది.

కాల్ అయ్యాక వివేక్ లేచాడు. "థాంక్స్ ఏం చెప్పక్కర్లేదులే."

"చెప్తలేను. ఫెస్టివల్‌కు సుత రాకు."

"రాను," అంటూ వెళ్లిపోయాడు.

అతను పోయాక ఆ కాపీ పెట్టుకుని చూసింది. బండి ఉండిన చోటు వైపు చూస్తూ లచ్చమ్మ నిలబడుతుంది. సినిమా అక్కడే ఆగిపోతుంది. చిలకమ్మ కూడా ఆ రోజు అచ్చం అలాగే నిలబడింది. కన్నకూతురు మరిచిపోయింది, అల్లుడు గుర్తుపెట్టుకున్నాడు. అతను మోసం చేసి ఉంటే ఎప్పటికైనా క్షమించేదేమో. అతను చెప్పింది నిజమవడాన్ని మాత్రం క్షమించలేకపోయింది.

ఫెస్టివల్‌లో సినిమా అయిపోయాక హాల్లో లైట్లు వెలిగాయి. చప్పట్లు మోగాయి. వనిత పక్కన కూర్చున్న లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ముగింపు ఆలోచన ఎవరిదని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

వనిత మైకు తీసుకుని, "ఎడిటర్‌ది," అంది. పేరు చెప్పలేదు.